చూపు మందగించిన కంటికి నైట్ సైట్స్: పిస్తోలుకు సరైనవి ఎలా ఎంచుకోవాలి

నలభై అయిదు దాటిన మనిషికి సూదిలో దారం ఎక్కించడం ఎంత కష్టమో, చాచిన చేతిలోని పిస్తోలు కొసన గురి చూడడానికి ఉన్న ఫ్రంట్ సైట్‌ను స్పష్టంగా చూడడం కూడా అంతే కష్టం. రేంజ్‌లో లైట్ల కింద ఎలాగో నెట్టుకొస్తాము గానీ, సందె చీకట్లో అదే సైట్ అంచులు చెదిరి, మసకబారి, ఒక్కోసారి రెండుగా కనిపిస్తుంది. అమెరికాలో స్థిరపడి, ఇంటి రక్షణకో రేంజ్‌లో సాధనకో చట్టబద్ధంగా హ్యాండ్‌గన్ ఉంచుకున్న తెలుగువారికి ఈ వయసులో దుకాణంలో మొదట వినిపించే సలహా “నైట్ సైట్స్ వేయించుకోండి” అన్నదే. చీకట్లో వాటంతట అవే వెలిగే గురి గుర్తులనే నైట్ సైట్స్ అంటారు. సలహా మంచిదే. అయితే ఏ రకం వేయించుకోవాలన్నది మీ కన్ను తేల్చవలసిన విషయం కనుక, కొనడానికి ముందు చేయవలసిన పనే ఇందులో ఎక్కువ.

అసలు విషయంలోకి వెళ్లే ముందు చట్టం గురించి ఒక మాట. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బి వంటి నాన్‌ఇమిగ్రంట్ వీసాపై ఉన్నవారు, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు ఉంటే తప్ప, తుపాకీని గానీ తూటాలను గానీ తమ దగ్గర ఉంచుకోకూడదు. గ్రీన్ కార్డు ఉన్నవారికీ పౌరులకూ ఈ నిషేధం వర్తించదు. మీ పరిస్థితి అటూ ఇటూ కాకుండా ఉంటే లాయరును అడిగిన తరువాతే మిగతాది చదవండి. వేసవి సెలవులకు ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినా, ఇంట్లో పిల్లలు తిరుగుతున్నా తుపాకీ తాళం వేసిన పెట్టెలోనే ఉండాలి.

మొదట చేయవలసింది మీ కంటిని అర్థం చేసుకోవడం. గురి చూసేటప్పుడు కన్ను మూడు దూరాలను ఒకేసారి చూడాలి: దగ్గరగా పిస్తోలు వెనుక కొసన ఉండే రియర్ సైట్, దాని ముందు ఫ్రంట్ సైట్, ఆపైన లక్ష్యం. ఏ కన్నూ ఈ మూడింటినీ ఒకే క్షణంలో స్పష్టంగా చూడలేదు. పడుచువారి కన్ను వీటి మధ్య చకచకా దూకుతుంది, చత్వారం వచ్చిన కన్ను దూకలేదు. సామాన్యంగా కంటి నుంచి ఫ్రంట్ సైట్ సుమారు 27 అంగుళాల దూరంలో ఉంటుంది. ఆ దూరం స్పష్టంగా కనిపించాలంటే, దూరం చూడడానికి వాడే అద్దాల మీద దాదాపు 1.5 డయాప్టర్ల (అద్దాల పవరు కొలత) అదనపు శక్తి కావాలి, ఆ శక్తిని ఇవ్వడానికి మన కంటిలోని కటకం ఇప్పుడు వంగడం లేదు. చీకట్లో ఇంకో చిక్కు ఉంది. వెలుతురులో కనుపాప చిన్నదిగా ముడుచుకుంటుంది కనుక దగ్గరవీ దూరానివీ కొంత కలిసివస్తాయి. చీకట్లో అది విచ్చుకోగానే ఆ వెసులుబాటు పోయి, పగలు కొద్దిపాటి మసకగా ఉన్నది రాత్రికి పెద్ద మసకగా మారుతుంది. అందుకే పట్టపగలు రేంజ్‌లో బాగా కాల్చగలగడం రాత్రి చూపుకు సాక్ష్యం కాదు.

మీ కంటిలో ఉన్న ఇబ్బంది చత్వారం ఒక్కటే కాకపోవచ్చు. రాత్రి వీధిదీపాల చుట్టూ, చంద్రుడి చుట్టూ వరదగుడి కట్టినట్టు వెలుగు వలయాలు కనిపిస్తుంటే శుక్లాలు మొదలై ఉండవచ్చు. అప్పుడు సైట్స్ మాట తరువాత, ముందు కంటి డాక్టరు మాట. షుగర్ ఉన్నవారికి రక్తంలో చక్కెర హెచ్చుతగ్గుల వల్ల అద్దాల పవరే వారం వారానికి మారుతుంది కనుక, చక్కెర అదుపులో ఉన్న రోజుల్లోనే పరీక్ష చేయించుకోవాలి. హ్రస్వదృష్టి ఉన్నవారికి మాత్రం ఒక చిన్న వరం ఉంది: మైనస్ ఒకటిన్నర పవరు ఉన్న మనిషి అద్దాలు తీసేస్తే ఫ్రంట్ సైట్ చెక్కినట్టు కనిపిస్తుంది, లక్ష్యం మసకబారుతుంది. ఇది తెలియక సగంమంది అద్దాలతో కుస్తీ పడుతూ ఉంటారు.

ఇక రెండవది అద్దాల పని. తుపాకీ ఖాళీ చేసి, ఆ సంగతి రెండుసార్లు చూసుకుని, మీరు మామూలుగా నిలబడే భంగిమలో చేయి చాచి, కంటి నుంచి ఫ్రంట్ సైట్ వరకు ఎంత దూరమో ఇంట్లో ఎవరిచేతనైనా పక్కనుంచి టేపుతో కొలిపించండి. ఆ అంకెను కాగితం మీద రాసుకుని ఆప్టోమెట్రిస్టు దగ్గరకు వెళ్లండి. కాగితం చాలు, పిస్తోలును క్లినిక్‌కు తీసుకువెళ్లవద్దు. ప్రోగ్రెసివ్ అద్దాలలో దగ్గరచూపు పవరు అద్దం అడుగున ఉంటుంది కనుక, గురి చూడాలంటే తల వెనక్కి వాల్చి గడ్డం పైకెత్తవలసి వస్తుంది, ఆ భంగిమలో నాలుగు తూటాలు కాల్చేసరికి మెడ పట్టేస్తుంది. దానికి బదులు ఒకే పవరున్న అద్దాలు చేయించుకుని, గురి చూసే ప్రధాన కంటికి మాత్రం దూరం పవరు మీద 0.75 కలిపించుకోవడం మంచి ఆరంభం. ఇది ఫ్రంట్ సైట్‌ను పూర్తిగా స్పష్టం చేయదు, లక్ష్యాన్ని పూర్తిగా మసకపరచదు. రెండింటికీ మధ్య రాజీ. ట్రయల్ లెన్సులతో 0.5 నుంచి 1.25 వరకు ఒక్కొక్కటి పెట్టి చూపించమని అడగండి. ప్రధాన కన్ను ఏదో తెలియకపోతే రెండు చేతుల వేళ్లతో చిన్న సందు చేసి, దానిలో నుంచి దూరంగా ఉన్న గడియారాన్ని చూస్తూ ఒక్కొక్క కన్నే మూయండి. ఏ కన్ను మూసినప్పుడు గడియారం మాయమవుతుందో అదే ప్రధానమైనది. అద్దాలు పాలికార్బనేటువై, ఏఎన్‌ఎస్‌ఐ జెడ్ 87.1 అనే అమెరికా కంటిరక్షణ ప్రమాణానికి తగినవై ఉండాలి. అద్దం మీద అతికించే సూదిరంధ్రపు స్టిక్కర్లు పగటి వెలుతురులో అద్భుతంగా పనిచేస్తాయి గానీ, కాంతిని కోసేస్తాయి కనుక రాత్రికి దండగ.

ఇక్కడే నా అభిప్రాయం కొంత గట్టిగా చెబుతాను. అర్ధరాత్రి చప్పుడు విని లేచిన మనిషి ప్రత్యేకంగా చేయించుకున్న షూటింగ్ అద్దాలు ఎక్కడ ఉన్నాయో వెతుక్కోడు. పక్కన బల్ల మీద ఉన్న రోజువారీ అద్దాలు పెట్టుకుంటాడు, అదీ చేతికి దొరికితే. కాబట్టి రేంజ్ కోసం మంచి అద్దాలు చేయించుకోండి, కానీ నైట్ సైట్స్‌ను రోజువారీ అద్దాలతోనూ అద్దాలు లేని ఉత్త కంటితోనూ కూడా చూసి ఎంచుకోండి. ఉత్త కంటికి మసకగానైనా ఫ్రంట్ సైట్ ఎక్కడుందో ఇట్టే తెలియాలి, రియర్ సైట్ దానితో పోటీ పడకూడదు. మిగతా హంగులన్నీ దీని తరువాతే.

నైట్ సైట్ లోపల ఏముందో కొంచెం తెలుసుకుంటే దుకాణదారు మాటలను తూచడం తేలికవుతుంది. ట్రిటియం అనే రేడియోధార్మిక హైడ్రోజన్ వాయువును సన్నని గాజుగొట్టంలో సీలు చేస్తారు. దాని నుంచి వెలువడే బలహీనమైన బీటా కణాలు గొట్టం లోపలి గోడకు పూసిన ఫాస్ఫర్‌ను తాకి వెలుగు పుట్టిస్తాయి. బ్యాటరీ అక్కరలేదు, వెలుతురులో పెట్టి చార్జి చేయనక్కరలేదు. కానీ ట్రిటియం అర్ధాయువు 12.3 ఏళ్లు, అంటే పన్నెండేళ్లకు వెలుగు సగమవుతుంది, పాతికేళ్లకు పావు మిగులుతుంది. చూపు బాగా ఉన్నవారికి సగం వెలుగు సరిపోవచ్చు, మనకు సరిపోదు. అందువల్ల కొనేటప్పుడు తయారీ సంవత్సరం అడగండి. సెకండ్‌హ్యాండ్ పిస్తోలుతో వచ్చిన పాత సైట్స్‌ను చూసి “నైట్ సైట్స్ ఉన్నాయిగా” అని సరిపెట్టుకోవద్దు.

ఈ వెలుగు చాలా మంద్రమైనది. పగలు కనిపించదు, దీపం వెలిగిన గదిలో ఉన్నట్టే తెలియదు. అందుకే మంచి కంపెనీలు ట్రిటియం గొట్టం చుట్టూ నారింజ లేదా పసుపుపచ్చ రంగు వలయాన్ని పూస్తాయి. ఆ వలయంలో కొన్ని రకాలు వెలుతురును పీల్చుకుని చీకట్లో కొంతసేపు వెలుగుతాయి, అయితే పెట్టెలో తాళం వేసి ఉన్న తుపాకీకి పీల్చుకునే వెలుతురు ఎక్కడిది? దాని మీద ఆధారపడకండి. ఫైబర్ ఆప్టిక్ కడ్డీ పగటి వెలుగును పోగుచేసి మెరుస్తుంది, చీకట్లో చచ్చిన పురుగులా ఉంటుంది; ట్రిటియాన్నీ ఫైబర్‌నూ కలిపి ట్రూగ్లో వంటివారు చేసిన సైట్స్ సందెవేళ బాగా ఉంటాయి.

ఇప్పుడు అసలైన ఎంపిక, అంటే చుక్కల అమరిక. నేను మొదట కొన్నది మూడు చుక్కల సెట్టు: ముందు ఒకటి, వెనుక రెండు, మూడూ ఒకే ఆకుపచ్చ, మూడూ ఒకే మెరుపు. కౌంటరు దగ్గర చూస్తే ముచ్చటగా ఉంది. ఇంటికి వచ్చి లైట్లు ఆర్పి చేయి చాస్తే ఆరో ఏడో పచ్చని మచ్చలు ఒకదాని మీద ఒకటి పడి, ఏది ముందుదో ఏది వెనుకదో తెలియని స్థితి. తరువాత అర్థమైంది, మసక కంటికి ఇందులో పెద్ద ప్రమాదమే ఉందని: హడావుడిలో ముందు చుక్కను వెనుక రెండింటి మధ్య కాకుండా పక్కన వరుసగా పెట్టుకుని, మూడు చుక్కలూ సరిగ్గా ఉన్నాయనుకుంటాము. అలా తప్పితే 7 గజాల దూరంలోనే గురి అడుగు పక్కకు పోవచ్చు.

కాబట్టి ముందు చుక్క పెద్దదిగా, రంగు వలయంతో, బాగా మెరిసేదిగా ఉండి, వెనుక భాగం వట్టి నలుపు గానీ లేదా రియర్ సైట్ మధ్యలోని గాడి కింద ఒకే ఒక్క చిన్న మంద్రమైన చుక్క గానీ ఉన్న సెట్టును ఎంచుకోండి. ట్రిజికాన్ హెచ్‌డీ రకంలోనూ అమెరిగ్లో సెట్లలో కొన్నింటిలోనూ ముందు చుక్కకు ఇలాంటి రంగు వలయం ఉంటుంది. చూపు మరీ మందగించినవారికి టెక్సాస్‌లోని ఫోర్ట్‌వర్త్‌కు చెందిన ఎక్స్‌ఎస్ సైట్స్ వారి బిగ్ డాట్ ఒక ప్రత్యేక మార్గం. అందులో వెనుక చతురస్రపు గాడి ఉండదు. వెడల్పైన వి ఆకారపు పల్లం, దాని మధ్య నిలువు గీత, ఆ గీత మీద కూర్చునే గుండ్రని బంతిలాంటి ఫ్రంట్ సైట్ ఉంటాయి. బంతి వ్యాసం 0.188 అంగుళాలు. లెక్క వేసి చూడండి: 27 అంగుళాల దూరంలోని ఆ బంతి 7 గజాల దగ్గర అంగుళంముప్పావు మేర కప్పుతుంది, 25 గజాల దగ్గర ఆరంగుళాలు దాటి కప్పేస్తుంది. ఇంటి వరండా పొడవుకు ఇది హాయిగా సరిపోతుంది. కాగితపు లక్ష్యం మీద తూటా రంధ్రాలన్నీ దగ్గరదగ్గరగా పడేలా కాల్చాలన్న సరదా ఉంటే మాత్రం నిరాశ తప్పదు.

చతురస్రపు గాడినే ఇష్టపడేవారు కొలతలు చూసుకోవాలి. ఫ్రంట్ సైట్ 0.125 నుంచి 0.145 అంగుళాల వెడల్పు ఉంటే, వెనుక గాడి దానికన్నా బాగా వెడల్పుగా, 0.170 లేదా 0.180 దాకా ఉండడం మేలు. రెండు వైపులా వెలుతురు చారలు కనిపించాలి. గాడి ఇరుకైతే మసక కంటికి ఆ చారలు మూసుకుపోయి అంతా ఒకే నల్లని దిమ్మలా అవుతుంది. రంగు విషయానికి వస్తే ట్రిటియంలో ఆకుపచ్చే మేలు, ఎందుకంటే చీకటికి అలవాటుపడిన కన్ను ఆకుపచ్చ వైపు వెలుగునే ఎక్కువగా పట్టుకుంటుంది. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివారు రంగును మరిచి, పరిమాణాన్నీ మెరుపునూ నమ్ముకోవాలి.

డబ్బు ఖర్చు పెట్టే ముందు ఇంట్లోనే ఒక ప్రయోగం చేయవచ్చు, దీనికి కావలసింది గోళ్ల రంగు సీసాలు రెండు. మ్యాగజైన్ తీయండి, స్లయిడ్ వెనక్కి లాగి ఆపండి, ఛాంబర్‌లోకి కంటితో చూసి చిటికెనవేలితో తడిమి ఖాళీ అని నిర్ధారించుకోండి, తూటాలను మరో గదిలో పెట్టి రండి. ఫ్రంట్ సైట్ వెనుక ముఖాన్ని స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి ఆరనివ్వండి. పళ్లపుల్ల కొనతో తెల్ల గోళ్ల రంగును ఒక్క బొట్టు పెట్టి, అది గుండ్రంగా పరుచుకునేలా మెల్లగా తిప్పి, పదిహేను నిమిషాలు వదిలేయండి. దాని మీద మెరిసే నారింజ రంగును రెండు పూతలు వేయండి. కింద తెలుపు లేకపోతే నారింజ మట్టిరంగులా వెలవెలబోతుంది. రియర్ సైట్ మీద తెల్ల చుక్కలు ఉంటే నల్ల మార్కరుతో కప్పేయండి. రెండు వారాలు ఇలా సాధన చేస్తే, పగలూ సందెవేళా మీ కంటికి కావలసింది పెద్ద రంగు చుక్కా, నల్లని రియర్ సైటా అన్నది తేలిపోతుంది. కొంతమందికి ఇదే చాలు.

చీకటి పరీక్ష వేరు. దుకాణంలో చేతులు అడ్డం పెట్టుకుని చూసే చూపు మోసం చేస్తుంది. కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. నిద్రలేచిన కన్ను అప్పటికే అలవాటుపడి ఉంటుంది, షాపు వెలుతురులో నుంచి వచ్చిన కన్ను కాదు. రేంజ్‌లో పరిచయమున్నవారి దగ్గర రెండు మూడు రకాలు ఉంటే, యజమాని సమక్షంలో, తుపాకీ ఖాళీ అని ఇద్దరూ చూసుకుని, లైట్లు తగ్గించి, అరగంట ఆగి చూడండి. మీ సొంత పిస్తోలుతో అయితే మూడు వెలుతురుల్లో చూడాలి: సూర్యాస్తమయం తరువాత కిటికీ దగ్గర, బాత్రూమ్ నైట్‌ల్యాంపు వెలుగు పడే నడవలో, దీపాలన్నీ ఆర్పిన గదిలో. ప్రతిచోటా ఉత్త కంటితో ఒకసారి, రోజువారీ అద్దాలతో ఒకసారి.

ఆ మూడవ గదిలో మీకు ఇంకో సంగతి కూడా తెలుస్తుంది. సైట్ చక్కగా వెలుగుతూ ఉంటుంది, ఎదుట ఉన్నది ఎవరో మాత్రం తెలియదు. బాత్రూముకు లేచిన కొడుకో, మంచినీళ్లకు వచ్చిన అత్తగారో కావచ్చు. ట్రిటియం గురిని చూపిస్తుంది గానీ మనిషిని చూపించదు, కాబట్టి చేతి టార్చి గానీ తుపాకీకి బిగించే లైటు గానీ లేకుండా నైట్ సైట్స్ కొనడం సగం పనే. ఎదుట ఉన్నది ఎవరో చూడడానికి చేతి టార్చినే వాడండి, ఎందుకంటే బిగించిన లైటుతో వెతికితే తుపాకీ మొన కూడా అటే తిరుగుతుంది. టార్చి వెలగగానే ట్రిటియం మెరుపు మాయమై, వెలుగు పడిన గోడ ముందు ఫ్రంట్ సైట్ నల్లని నీడలా నిలబడుతుంది. వెడల్పైన ఫ్రంట్ సైట్, విశాలమైన గాడి అప్పుడూ పనికివస్తాయి.

బిగింపు పని తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్‌కు వదిలేయడం మంచిది. సెట్టు ధర రకాన్ని బట్టి 60 డాలర్ల నుంచి 150 డాలర్ల పైచిలుకు వరకు ఉంటుంది, బిగింపు కూలి అదనం. గ్లాక్ వంటి పిస్తోళ్లలో ఫ్రంట్ సైట్‌ను చిన్న మరతో బిగిస్తారు, రియర్ సైట్ స్లయిడ్‌లోని డవ్‌టెయిల్ గాడిలో పక్కనుంచి బిగుతుగా కూర్చుంటుంది. దానిని సైట్ పుషర్ అనే పనిముట్టుతో నెట్టాలి తప్ప సుత్తితో కొట్టకూడదు, గాజుగొట్టం పగులుతుంది. మోడల్ అంకె సరిగ్గా చెప్పి కొనండి, ఒకే కంపెనీ పిస్తోళ్లలోనూ కొలతలు వేరుగా ఉంటాయి. గొట్టం పగిలితే కంగారు పడవలసిన పని లేదు, ఆ బీటా కణాలు చర్మాన్ని దాటి లోపలికి వెళ్లలేనంత బలహీనమైనవి. గది తలుపులు తెరిచి, చేతులు కడుక్కుని, సైట్‌ను చెత్తబుట్టలో వేయకుండా తయారీదారుకు తిప్పి పంపండి.

బిగించిన తరువాత రేంజ్‌లో ఇసుకసంచి మీద చేతులు ఆనించి 10 గజాల దగ్గర అయిదేసి తూటాలు కాల్చి చూడండి. కుడికి కొడుతుంటే రియర్ సైట్‌ను ఎడమకు జరపాలి. తూటా ఎటు పోవాలో అటే రియర్ సైట్ పోతుంది. ఎత్తు తేడాకు లెక్క ఉంది: సైట్ల మధ్య దూరాన్ని తప్పిన అంగుళాలతో గుణించి, లక్ష్యం దూరంతో భాగించాలి. సైట్ల మధ్య 6 అంగుళాలుండి, 10 గజాల దగ్గర, అంటే 360 అంగుళాల దగ్గర, 2 అంగుళాలు కిందికి కొడుతుంటే ఫ్రంట్ సైట్ 0.033 అంగుళాలు ఎక్కువ ఎత్తుగా ఉన్నట్టు. అంత మేర పొట్టిగా ఉన్న సైట్‌ను తెప్పించుకోండి. అయితే ముందు వేరొకరి చేత కాల్పించి, తప్పు సైట్‌దో మీ చేతిదో తేల్చుకోవడం డబ్బు మిగిల్చే పని.

అద్దాలు మార్చినా, పెద్ద చుక్క పెట్టినా ముందుది ఏదో వెనుకది ఏదో తెలియకపోతే, ఇనుప సైట్స్‌ను వదిలి రెడ్ డాట్‌కు వెళ్లవలసిందే. రెడ్ డాట్ అంటే గాజులో ఎర్రని వెలుగు చుక్కను చూపే బ్యాటరీ పరికరం. అందులోని చుక్క లక్ష్యం ఉన్న దూరంలోనే ఉన్నట్టు కంటికి తోస్తుంది కనుక చత్వారం దానికి అడ్డు రాదు, దూరం చూసే అద్దాలే చాలు. ఆస్టిగ్మాటిజం (కంటి ముందుపొర వంపు సమంగా లేకపోవడం) ఉన్నవారికి మాత్రం ఆ చుక్క కాకరపువ్వొత్తిలా చిట్లి కనిపిస్తుంది. లోపం పరికరంలో ఉందా కంటిలో ఉందా అన్న అనుమానం వస్తే, ఖాళీ తుపాకీ మీది ఆ గాజు వెనుక ఫోను కెమెరా పెట్టి ఫొటో తీయండి. ఫొటోలో చుక్క గుండ్రంగా ఉంటే లోపం మీ కంటిదే. వెలుగు తగ్గించి, ఆస్టిగ్మాటిజం సరిచేసిన అద్దాలతో మళ్లీ చూసిన తరువాతే కొనాలో వద్దో నిర్ణయించుకోండి. దీనికి బ్యాటరీ చూసుకోవాలి, స్లయిడ్‌ను దానికి తగ్గట్టు కోసి ఉండాలి.

ఇనుప సైట్స్‌తోనే ఉండిపోయినవారు బిగించిన తేదీని పెట్టె మూత లోపల అంటించి, ఏటా నవంబరులో గడియారాన్ని గంట వెనక్కి తిప్పే రాత్రి తుపాకీ ఖాళీ చేసి, లైట్లు ఆర్పి, అరగంట కూర్చుని ఉత్త కంటితో ఒకసారి చూసుకోండి. ముందు చుక్కను వెతుక్కోవలసి వస్తే, గాజుగొట్టం సంగతి చూసే ముందు కంటి డాక్టరు అపాయింట్‌మెంటు తీసుకోండి.